టెర్మినల్‌లో తెలుగు: డబ్బాలా, అంకెలా, ప్రశ్నార్థకాలా? ముందు అది తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. క్లౌడ్‌లో ఉబుంటు సర్వర్ ఉంది, చేతిలో విండోస్ 10 ల్యాప్‌టాప్ ఉంది. ఊరి గ్రంథాలయం పుస్తకాల జాబితా సర్వర్‌లో ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి) లోపలికి వెళ్తే, ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’లో పేర్ల బదులు 340, 260 లాంటి అంకెలు వస్తున్నాయి. ఫైల్‌లో ఉన్నది చూపే ‘క్యాట్’ కొడితే డబ్బాలు కనిపిస్తున్నాయి. రాత్రిపూట క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేది) నడిచే స్క్రిప్ట్ డేటాబేస్ నుంచి తీసిన జాబితా నిండా ప్రశ్నార్థకాలే. పదిహేనేళ్ల కిందట డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించిన ఒక ఫైల్ అయితే మొత్తం పిచ్చి ఇంగ్లీషులా ఉంది. నెట్‌లో దొరికిన ఎక్స్‌పోర్ట్ లైన్లన్నీ బాష్‌ఆర్‌సీలో (షెల్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్) పెట్టినా ఏమీ మారలేదు.

మారదు. ఎందుకంటే ఇవి నాలుగు వేర్వేరు జబ్బులు, మీరు అన్నిటికీ ఒకే మాత్ర వేస్తున్నారు. ముందు ఆ బాష్‌ఆర్‌సీ లైన్లు తీసేయండి. వాటిని ఉంచుకుని వెతికితే ఏది దేనివల్ల వచ్చిందో తేలదు. (కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, మీరు మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.)

టెర్మినల్‌లో ఒక తెలుగు అక్షరం కనపడాలంటే నలుగురు సరిగ్గా పనిచేయాలి. ఫైల్‌లో ఉన్న బైట్లు సరైనవి కావాలి. వాటిని చదివే ప్రోగ్రామ్‌కు ‘ఇది యూటీఎఫ్-8’ (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అని లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగు, చెప్పాలి. టెర్మినల్ కూడా ఆ బైట్లను యూటీఎఫ్-8గానే తీసుకోవాలి. ఆఖరున గీయడానికి ఫాంట్ ఉండాలి. వీళ్లలో ఎవరు చెయ్యిస్తే తెరమీద ఏ రకం చెత్త వస్తుందో దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అందుకే సెట్టింగులు మార్చే ముందు ఆ చెత్తను కాస్త శ్రద్ధగా చూడమంటాను.

అన్నిటికంటే ముందు బైట్లు. ‘ప్రింట్‌ఎఫ్’ పక్కన తెలుగు అనే మాట పేస్ట్ చేసి, పైపుతో (‘|’ గుర్తు) బైట్లు చూపే ‘ఎక్స్‌ఎక్స్‌డీ’కి పంపండి. 18 బైట్లు రావాలి: ఈ0 బీ0 ఏ4, ఈ0 బీ1 86, ఈ0 బీ0 బీ2, ఈ0 బీ1 81, ఈ0 బీ0 97, ఈ0 బీ1 81. మొదటి మూడు త, తర్వాతి మూడు ఎత్వం, ఆపైన ల, కొమ్ము, గ, కొమ్ము. యూనికోడ్‌లో తెలుగుకు ఇచ్చిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, అంటే 128 గళ్లు. ఆ గళ్లలో ఏ అక్షరం తీసుకున్నా యూటీఎఫ్-8లో మూడు బైట్లే. మొదటి రెండు ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అయి తీరతాయి. ఆక్టల్‌లో, అంటే ఎనిమిది అంకెల లెక్కలో, రాస్తే అవే 340 260, 340 261. హిందీ అయితే ఈ0 పక్కన ఏ4, ఏ5 వస్తాయి, కన్నడమైతే బీ2, బీ3. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని అయిపోతుంది.

కాబట్టి మీ ‘ఎల్‌ఎస్’లో కనిపించే 340, 260 చూసి కంగారు పడాల్సిన పని లేదు. ఫైల్ పేర్లు భద్రంగా ఉన్నాయి. లొకేల్ లేకపోవడం వల్ల ‘ఇవి అచ్చు వేయదగ్గ అక్షరాలో కాదో నాకు తెలీదు’ అనుకుని ఎల్‌ఎస్ వాటిని అంకెల్లో చూపిస్తోంది, అంతే. సర్వర్‌లో ‘లొకేల్’ అని కొట్టి చూడండి. లాంగ్ పక్కన ఖాళీ, మిగతావాటి పక్కన పాజిక్స్ (ఏ లొకేలూ పెట్టలేదని అర్థం) అని ఉంటుందని నా అంచనా. చిన్న క్లౌడ్ ఇమేజ్‌లు, డాకర్ ఇమేజ్‌లు చాలావరకు ఇలాగే వస్తాయి.

ఇప్పుడు ‘లొకేల్ -ఏ’ కొట్టండి. మెషీన్‌లో సిద్ధంగా ఉన్నవే అందులో వస్తాయి. ఆ జాబితాలో లేని పేరును ఎక్స్‌పోర్ట్ చేస్తే అది పనిచేయదు సరికదా, పెర్ల్ లాంటివి ప్రతిసారీ ‘సెట్టింగ్ లొకేల్ ఫెయిల్డ్’ అని గోల పెడతాయి. సీ.యూటీఎఫ్-8 మాత్రం ఉబుంటులో ఎప్పుడూ ఉంటుంది. డెబియన్ కుటుంబంలో ఇది పాతదే, అసలు జీలిబ్‌సీలోకి (లినక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) 2022లో 2.35 వెర్షన్‌తో వచ్చింది. సర్వర్‌కు నేను పెట్టేది ఇదే. టీఈ_ఇన్ అనే తెలుగు లొకేల్ పెట్టొద్దా అంటే, పెట్టొచ్చు. లొకేల్-జెన్‌తో తయారు చేసుకుంటే తేదీలు, వారాల పేర్లు తెలుగులో వస్తాయి. కానీ సర్వర్ మీద కొన్ని మెసేజ్‌లు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో వస్తుంటే అర్ధరాత్రి ఏదైనా పడిపోయినప్పుడు ఆ ఎర్రర్‌ను నెట్‌లో వెతకడం ప్రాణం మీదికొస్తుంది. తెలుగు ఫైళ్లు చదవడానికీ రాయడానికీ తెలుగు లొకేల్ అక్కర్లేదు, యూటీఎఫ్-8 లొకేల్ ఏదైనా చాలు. ఇంటి డెస్క్‌టాప్‌లో అయితే మీ ఇష్టం.

ఉబుంటులో ‘అప్‌డేట్-లొకేల్’తో లాంగ్ విలువను సీ.యూటీఎఫ్-8 చేయండి. అది /ఈటీసీ/డిఫాల్ట్/లొకేల్ అనే ఫైల్‌లో పడుతుంది. ఒకసారి బయటికొచ్చి మళ్లీ లాగిన్ అయితే ఎల్‌ఎస్ దారిలో పడుతుంది. ఎల్‌సీ_ఆల్‌ను మాత్రం శాశ్వతంగా ఎక్కడా పెట్టకండి. నెట్‌లో ప్రతి రెండో సలహా అదే ఇస్తుంది, నాకు అది గిట్టదు. వరసలో ముందు ఎల్‌సీ_ఆల్, తర్వాత ఎల్‌సీ_సీటైప్ లాంటివి, ఆఖరున లాంగ్. పైనున్నదాన్ని బిగించేస్తే కిందివి ఎంత మార్చినా ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్క కమాండ్ ముందు తాత్కాలికంగా పెట్టుకోవడానికి అది బాగుంటుంది. ఉదాహరణకు సార్ట్ ఫలితం ప్రతి మెషీన్‌లోనూ ఒకేలా రావాలంటే ‘ఎల్‌సీ_ఆల్=సీ సార్ట్’ అని నడపొచ్చు.

మీ దగ్గర ఎవరైనా మ్యాక్ వాడుతుంటే ఇంకో తిరకాసు ఉంది. మ్యాక్ టెర్మినల్ కొన్ని సెట్టింగుల్లో ఎల్‌సీ_సీటైప్‌కు ఒట్టి యూటీఎఫ్-8 అన్న విలువ ఇస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని మోసుకొచ్చి ఉబుంటులో దించుతుంది. లినక్స్‌లో ఆ పేరుతో లొకేల్ లేదు కాబట్టి లాగిన్ కాగానే హెచ్చరికలు వస్తాయి. తప్పు సర్వర్‌ది కాదు. మ్యాక్ టెర్మినల్ ప్రిఫరెన్సుల్లో లొకేల్ వేరియబుల్స్ పంపే టిక్కు తీసేస్తే సరిపోతుంది.

ఇక డబ్బాలు. డబ్బా కనిపించిందంటే నిజానికి మంచి కబురే. బైట్లు సరిగ్గా వచ్చాయి, టెర్మినల్ వాటిని తెలుగు అని గుర్తుపట్టింది కూడా. గీయడానికి బొమ్మ దొరకలేదు, అంతే. విండోస్ పాత కన్సోల్ కిటికీలో కన్సోలాస్ ఫాంట్ ఉంటుంది, దాంట్లో తెలుగు లేదు. ఆ కన్సోల్ వేరే ఫాంట్ నుంచి అప్పు తెచ్చుకోదు. ఇక్కడ ‘సీహెచ్‌సీపీ 65001’ కొట్టమని అందరూ చెబుతారు. అది బైట్లను ఎలా చదవాలో మారుస్తుందే గాని, లేని అక్షరాల బొమ్మలు తెచ్చిపెట్టదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి విండోస్ టెర్మినల్ వేసుకోండి, ఉచితమే. కన్సోల్ ఫాంట్‌లో తెలుగు లేకపోతే అది సిస్టమ్‌లో ఉన్న నిర్మలా యూఐ లాంటి ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌కు పుట్టీ వాడేవాళ్లు విండో, ట్రాన్స్‌లేషన్ పేజీలో రిమోట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోవాలి. అది తప్పుగా ఉంటే డబ్బాలు రావు. ° , ± గుర్తులు మాటిమాటికీ పడుతూ మధ్యలో యూరప్ అక్షరాలు వస్తాయి. బీ0, బీ1 బైట్లను పాత పద్ధతిలో చదివితే వచ్చే గుర్తులు అవే. ఆ రెండు గుర్తులు కనపడితే తెలుగును ఎవరో లాటిన్‌గా చదువుతున్నారని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

లినక్స్ డెస్క్‌టాప్‌లో ఫాంట్ ఉందో లేదో తెలియాలంటే ‘ఎఫ్‌సీ-లిస్ట్’కు భాష టీఈ అని చెప్పి అడగండి. ఏమీ రాకపోతే నోటో గానీ లోహిత్ గానీ వేసుకోండి. గ్రాఫిక్స్ ఏమీ లేని నల్ల తెర, అంటే కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 కొడితే వచ్చేది, దాని మీద మాత్రం ఆశ వదిలేయండి. ఆ కన్సోల్ ఫాంట్‌లో మహా అయితే 512 బొమ్మలు పడతాయి. అక్షరాలను కలిపి గీసే తెలివి దానికి లేనే లేదు.

డబ్బాలు పోయాక మీకు తర్వాతి అనుమానం వస్తుంది: తెలుగు కనిపిస్తోంది కానీ అక్షరాల మధ్య ఖాళీలు, వత్తు పక్కకి జరగడం, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడటం. దీనికి కారణం తెలుసుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. టెర్మినల్ అంటే గళ్ల కాగితం. ప్రతి అక్షరం ఎన్ని గళ్లు తీసుకుంటుందో ముందే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క యూనికోడ్ వర్గాలను చూసి కడతారు. మన గుణింతాల్లో తలకట్టు మీద కూర్చునే గుడి, ఎత్వం, ఒత్వం, పొల్లు లాంటివి సున్నా గడి కింద వస్తాయి. కొమ్ము, కొమ్ము దీర్ఘం, సున్న, విసర్గ మాత్రం ఇంకో వర్గంలో ఉన్నాయి, జీలిబ్‌సీ వాటికి ఒక్కో గడి ఇస్తుంది. అంటే ‘తెలుగు’ కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, టెర్మినల్‌కు ఐదు గళ్లు: తె ఒకటి, లు రెండు, గు రెండు. ‘కి’ ఒక గడిలో ఇరుక్కుంటే ‘కు’ రెండు గళ్లలో కాళ్లు చాపుకుంటుంది. ‘క్ష’ కూడా రెండు గళ్లే, క ఒకటి, ష ఒకటి.

కాన్సోల్, కిట్టీ, వెజ్‌టెర్మ్ వంటివి అక్షరాలను కలిపి గీయగలవు, చదవడానికి బాగానే ఉంటాయి. వేగానికి పేరున్న అలాక్రిటీ ఆ పనే పెట్టుకోలేదు, మన వత్తులకు అది పనికిరాదు. కానీ ఎందులోనైనా గళ్ల లెక్క గళ్ల లెక్కే, పట్టికలు వరసగా నిలబడవు. బ్యాక్‌స్పేస్ కొడితే ‘క్షి’ మొత్తం ఒక్కసారిగా పోకుండా ముందు గుడి మాత్రమే పోవడం కూడా మామూలే. అందుకే తెరమీద అందంగా లేదని ఫైల్‌ను దిద్దడానికి పూనుకోకండి. అనుమానమొస్తే విమ్ ఎడిటర్‌లో అక్షరం మీద కర్సర్ పెట్టి ‘జీ8’ కొట్టండి, బైట్లు కింద చూపిస్తుంది. అవి సరిగ్గా ఉంటే ఫైల్ సరిగ్గా ఉన్నట్టే.

ప్రశ్నార్థకాలకు వద్దాం. మీ నాలుగింటిలో అసలు భయపడాల్సింది ఇదొక్కటే. డబ్బా వెనక అక్షరం ఉంటుంది, 340 వెనక అక్షరం ఉంటుంది. ప్రశ్నార్థకం వెనక చాలాసార్లు ఏమీ ఉండదు. ‘ఈ అక్షరం నా సంచిలో పట్టదు’ అని ఎవరో దాన్ని పారేసి దాని స్థానంలో 3ఎఫ్ అనే ఒక్క బైటు పెట్టేశారు.

మీ విషయంలో పారేస్తున్నది డేటాబేస్‌తో మాట్లాడే మైఎస్‌క్యూఎల్ క్లయింట్ అని నా గట్టి నమ్మకం. ఆ కమాండ్ ఏ క్యారెక్టర్ సెట్‌లో మాట్లాడాలో లొకేల్ చూసి నిర్ణయించుకుంటుంది. లొకేల్ ఖాళీగా ఉంటే లాటిన్1 (యూరప్ అక్షరాలే పట్టే సెట్) అనుకుంటుంది. సర్వర్ పాపం తెలుగును లాటిన్1లోకి మార్చబోయి, కుదరక ప్రశ్నార్థకాలు పంపుతుంది. క్రాన్ మీ బాష్‌ఆర్‌సీని చదవదు కాబట్టి మీరు పెట్టిన ఎక్స్‌పోర్టులు దానిదాకా చేరవు. ఉబుంటులో క్రాన్ పైన చెప్పిన /ఈటీసీ/డిఫాల్ట్/లొకేల్‌ను చూస్తుంది గనుక ఆ మార్పుతోనే ఇది తగ్గిపోవచ్చు. వేరే డిస్ట్రోల్లో క్రాన్‌ట్యాబ్ పైవరసలో లాంగ్ లైన్ ఒకటి రాయాలి. ఏదెలా ఉన్నా స్క్రిప్ట్‌లోనే క్లయింట్‌కు డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని ఇచ్చేయండి. స్క్రిప్ట్ చుట్టూ ఏ వాతావరణం ఉన్నా అప్పుడు దానికి పట్టదు.

టేబుల్‌లో ఉన్న అసలు సరుకు బాగుందో లేదో ఇప్పుడే చూసుకోండి. పుస్తకం పేరు కాలమ్‌ను సెలెక్ట్‌లో ‘హెక్స్’ ఫంక్షన్ గుండా తీయండి. ఈ0బీ0తో మొదలైతే బంగారం. అంతా 3ఎఫ్ 3ఎఫ్ అని ఉంటే ఆ వరస ఎక్కించినప్పుడే పోయింది, బ్యాకప్ గానీ కాగితం మీది జాబితా గానీ వెతుక్కోవాలి. మూడో రకం కూడా ఉంటుంది: సీ3ఏ0 సీ2బీ0 అని మొదలవుతుంది. యూటీఎఫ్-8 బైట్లను లాటిన్ అక్షరాలనుకుని మళ్లీ యూటీఎఫ్-8 చేస్తే వచ్చేది అది. అది చూడటానికి ఘోరంగా ఉంటుంది కానీ పోయింది ఏమీ లేదు. ఆ కాలమ్‌ను లాటిన్1లోకి కన్వర్ట్ చేసి, దాన్ని బైనరీగా కాస్ట్ చేసి, ఆ బైనరీని యూటీఎఫ్8ఎంబీ4గా చదివితే తిరిగొస్తుంది. ముందు సెలెక్ట్‌తో పది వరసలు చూసుకోండి, బ్యాకప్ తీయండి, ఆ తర్వాతే అప్‌డేట్. బాగున్న వరసల మీద కూడా అదే అప్‌డేట్ నడిపితే అవి చెడిపోతాయి, అందుకే షరతు పెట్టి సీ3ఏ0 వరసలనే పట్టుకోండి.

ల్యాప్‌టాప్ నుంచి ఫైళ్లు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో ‘>’ గుర్తుతో ఫైల్‌లోకి మళ్లిస్తే అది యూటీఎఫ్-16లో రాస్తుంది. సర్వర్‌కు చేరాక మాటలు వెతికే గ్రెప్ కొడితే ఉన్న మాట కూడా దొరకదు. ఎక్స్‌ఎక్స్‌డీలో మొదటి రెండు బైట్లు ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఈ అని ఉంటే అదే సంగతి. ఎన్‌కోడింగ్ మార్చే ‘ఐకాన్వ్’తో యూటీఎఫ్-16 నుంచి యూటీఎఫ్-8కి మార్చుకోండి. పవర్‌షెల్ 7లో ఈ గొడవ లేదు.

ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే గిట్ వాడుతుంటే, ఎల్‌ఎస్ బాగయ్యాక ‘గిట్ స్టేటస్’లో మాత్రం ఇంకా 340, 260 కనపడితే మళ్లీ లొకేల్ మీద పడకండి. అది గిట్ సొంత అలవాటు, లొకేల్‌తో పనిలేదు. గిట్ కాన్ఫిగ్‌లో కోర్.కోట్‌పాత్ విలువను ఫాల్స్ చేస్తే చాలు.

ఇప్పుడు మనవాళ్లకే ప్రత్యేకంగా తగిలే ఒక దెబ్బ. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట తర్వాత పొల్లు కనిపించేలా, వ కిందికి దిగి వత్తు కాకుండా ఒక కనపడని సంకేతం పెడతాం. దాని నంబరు 200సీ, బైట్లు ఈ2 80 8సీ, ఆక్టల్‌లో 342 200 214. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెడతాయి, కొన్ని పెట్టవు. కొందరు టైపిస్టులు ప్రతి పొల్లు తర్వాతా అలవాటుగా కొట్టేస్తారు. ఫలితంగా మాట చివర ‘ర్’ తర్వాత అది ఉన్న ఫైల్ పేరు ఒకటి, లేనిది ఒకటి తయారవుతాయి. తెరమీద రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి. ఎల్‌ఎస్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనిపించడం, కళ్లముందున్న పేరును టైప్ చేస్తే ‘నో సచ్ ఫైల్’ అనడం, గ్రెప్‌కు సగం పుస్తకాలే దొరకడం, అన్నీ దీని లీలలే. ‘ఎల్‌ఎస్ -బీ’ని ఎల్‌సీ_ఆల్=సీతో నడిపి 342 200 214 కోసం చూడండి. నేనైతే ఫైల్ పేర్లలో దీన్ని అసలు ఉంచను. వెతకడానికి వాడే కాలమ్‌లో కూడా ‘సెడ్’తో తీసేసిన నకలు ఒకటి పెట్టుకుంటాను. చూపించే కాలమ్‌లో మాత్రం ఉండాలి, లేకపోతే మాట రూపమే మారిపోతుంది.

ఐత్వంతో కూడా ఇలాంటిదే ఉంది. ‘ై’ని ఒకే సంకేతంగా (0సీ48) రాయొచ్చు, ఎత్వం 0సీ46 పక్కన 0సీ56 పెట్టి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి దాచేది. అక్కడినుంచి కాపీ అయిన ‘కైఫియత్తులు’ ఫైల్ ఉబుంటులో మీరు టైప్ చేసిన ‘కైఫియత్తులు’తో సరిపోలదు. ఏపీఎఫ్‌ఎస్ వచ్చాక ఆ విడగొట్టడం పోయింది. పాత పెన్‌డ్రైవ్‌ల నుంచి తెచ్చినవి ఉంటే మాత్రం ‘కాన్వ్‌ఎంవీ’తో ఒకసారి ఎన్‌ఎఫ్‌సీలోకి, అంటే కలిపి రాసే రూపంలోకి, మార్చేసుకోండి.

లొకేల్ అంతా సరిగ్గా ఉన్నా కొన్ని పాత పనిముట్లు బైట్లలోనే ఆలోచిస్తాయి. ‘తెలుగు’ పొడవెంత అని గాక్‌ను (ఆక్ అనే పనిముట్టుకు ఒక రూపం) అడిగితే 6 అంటుంది, ఉబుంటులో మామూలుగా ఉండే దాని ఇంకో రూపం మాక్ 18 అంటుంది. సంకేతాలు లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ -ఎం’ 6, బైట్లు లెక్కపెట్టే ‘డబ్ల్యూసీ -సీ’ 18. జీఎన్‌యూ ‘టీఆర్’కు తెలుగు అక్షరాలు ఇచ్చారంటే బైటు బైటునూ విడివిడిగా మార్చి మొత్తం పాడుచేస్తుంది. ‘కట్ -సీ’ కూడా చాలా వెర్షన్లలో అక్షరం మధ్యలో కోసేస్తుంది. మీ స్క్రిప్ట్‌లో పేరును ఇలాగే 20కి కుదించే లైన్ ఒకటి కనిపించింది. మూడు బైట్ల లెక్కన అది ఏడో సంకేతాన్ని చీలుస్తుంది, చివర వజ్రంలో ప్రశ్నార్థకం వచ్చేది అందుకే. ఆ పని గాక్‌తోనో పైథాన్‌తోనో చేయండి. పైథాన్ 3.7 నుంచి సీ లొకేల్‌లో ఉన్నా తానే యూటీఎఫ్-8కి మారుతుంది. 3.6, అంతకు ముందువి అయితే క్రాన్‌లో ‘ఆస్కీ కోడెక్’ అని ఏడుస్తాయి.

మిగిలింది ఆ డీటీపీ ఫైల్. దాన్ని ఎక్స్‌ఎక్స్‌డీలో చూడండి, ఈ0బీ0 ఒక్కటి కూడా ఉండదు. అప్పట్లో అను లాంటి ఫాంట్లతో టైప్ చేసేవాళ్లు. ఫైల్‌లో ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటి స్థానంలో తెలుగు ముక్కలు గీసేది ఆ ఫాంట్. తలకట్టు ఒక సంకేతం, వత్తు ఒకటి, కొమ్ము ఒకటి. కాబట్టి ఇది ఎన్‌కోడింగ్ సమస్యే కాదు, ఏ లొకేల్ పెట్టినా, ఐకాన్వ్‌తో ఎన్ని తిప్పలు పడినా తెలుగు రాదు. ఆ ఫాంట్ పేరేంటో ముందు తెలుసుకోండి. అను అయితే దాని నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక వత్తులు, రకారాలు అక్కడక్కడ పక్క అక్షరానికి అంటుకుంటాయి గనుక పుస్తకాల పేర్లు తెలిసిన మనిషి ఒకరు కూర్చుని మొత్తం చదవాల్సిందే. అలా చదివించాకే డేటాబేస్‌లోకి ఎక్కించండి.